కుడి పక్క సీటు

ఖానాపురం హవేలి ఆటో స్టాండు కాడ కూసున్నోళ్లందరినీ నిలబెట్టి అడగాలె. ఆ బండి కింద తల పెట్టి చూసినోడు మీలో ఒక్కడున్నడా? పెడల్ మీద కాలు పెట్టినోడున్నడా? లేడు. అయినా "ఆడపిల్ల వేసిన బ్రేకు, ఇంకేమైతది" అన్న మాటను చాయ్ గ్లాసు చల్లారకముందే ఖమ్మమంతా తిప్పిండ్రు. బ్రేకు పడితే డ్రైవర్ మొనగాడు. పడకపోతే మెకానిక్ దొంగ. మెకానిక్ ఆడది అయితే విచారణ కూడా అక్కర్లేదు. తీర్పు ముందే తయారుగ ఉంటది.

ఆ తీర్పు మొదట గొంతెత్తి చదివినోడు జస్టిన్.

అది 2006, ఈస్టర్ అయిపోయిన వారం. ఆ స్టాండు పక్కనే ఉన్న క్రిస్టోఫర్ బ్రేకుల షెడ్డు ముందల ఒక లారీ ఆగింది. లారీ మీద తాళ్లతో కట్టిన పెద్ద అమెరికా కారు. 1957 మోడల్, మీగడ రంగు, ఎడమ పక్క స్టీరింగు. ముందు బంపరుకు వెదురు దడి ముక్క ఇరుక్కొని ఉన్నది. బండి బండంతా ఇప్పపువ్వు వాసన.

జస్టిన్ లారీ మీదికెళ్లి దుంకిండు.

"మా బండికి బ్రేకు వేసింది ఎవరు?"

షెడ్డుల ఒక జీపు కిందికెళ్లి ముందు రెండు కాళ్లు బయటికొచ్చినయ్. తర్వాత సల్వారు, దాని మీద నాయిన పాత ఖాకీ చొక్కా, ఆ మీద గ్రీజు పూసుకున్న మొహం. క్రిస్టోఫర్ బిడ్డ అక్సా.

"నేనే. ఏంది?"

"ఏందంటవా? నా పెండ్లికూతుర్ని వాగుల కలపబోయినవ్!"

"నీ పెండ్లికూతురా?"

"నా పెండ్లికూతురు కాదు. నా బండిల కూసున్న పెండ్లికూతురు."

"మరి అట్ల చెప్పు. ఎవరి పెండ్లికూతురో తేల్చుకొని అరువు."

ఆటో స్టాండుల నవ్వులు లేచినయ్. జస్టిన్ చెవులు ఎర్రబడ్డయ్. నవ్వును ఆపాలంటే గొంతు పెంచాలె అనుకున్నడు. పెంచిండు.

"నకిలీ రబ్బరు వేసినవ్! విభూది పండుగకు ముందు మీ షెడ్డుల కొత్త రబ్బరు వేయించిన. రెండు నెల్లు కాలే. వాగు దిగుడుల పెడల్ రాయి లెక్కైంది. క్రిస్టోఫర్ మామ చెయ్యి పెట్టిన రోజుల్ల గిట్ల అయిందా ఎన్నడన్నా?"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. షెడ్డుల మూలకు కుర్చీ మీద కూసున్న క్రిస్టోఫర్ చేతులు వణుకుతున్నయ్. కోపంతోటి కాదు, ఏడాదిగా అవి గట్లనే వణుకుతున్నయ్. అందుకే పానాలు బిడ్డ చేతికి వచ్చినయ్.

అక్సా బట్టతోటి చేతులు తుడుచుకున్నది.

"ఎక్కు బండి."

"ఎందుకు?"

"ఎక్కుమంటే ఎక్కు. ఇంజను బంద్. పెడల్ తొక్కు. ఇంకా తొక్కు. గట్టిపడ్డదా? కాలు తియ్యకు. ఇప్పుడు స్టార్టు చెయ్."

ఇంజను లేచింది. వెనకకెళ్లి తెల్లపొగ లారీ డ్రైవర్ మొహం మీదికి కొట్టింది.

"పెడల్ కాలు కింద కొంచెం దిగిందా?"

"లే."

"దిగాలె. దిగితే డబ్బా బతికున్నట్టు. ఇది సచ్చింది."

"సంపింది నువ్వే కదా."

"కోసి చూసినంక చెప్త ఎవరు సంపిండ్రో. అప్పటిదాక నోరు మూసుకో."

"నా నోరు నా ఇష్టం."

"అయితే నీ బండి కూడా నీ ఇష్టం. ఎత్తుకపో."

జస్టిన్ కదలలే. ఎక్కడికి ఎత్తుకపోతడు? ఆ డబ్బా విప్పేటోళ్లు ఈ షెడ్డు తప్ప జిల్లాల ఇంకెవరూ లేరు.

డబ్బా అంటే ఇది. అంత బరువు బండిని ఆపాలంటే మనిషి కాలు బలం సాలదు. ఇంజను గాలి పీలుస్తది కదా, ఆ పీల్పును పైపుతోటి ఒక రేకు డబ్బాలకు తెస్తరు. డబ్బాల రబ్బరు పొర ఉంటది. కాలు కొంచెం నొక్కితే సాలు, ఆ పొర మిగిలిన బలం ఇస్తది. పొర చినిగిందా, పెడల్ మీద నిలబడ్డా బండి ఆగదు.

ఆగలేదు కూడ. భద్రాచలం అడివి అంచున, మేకలు కాసే పగిడయ్య ఉండే గూడెం ఉన్నది. దాని పక్కనే వాగులకు దిగే దారి. పెండ్లికూతురు వెనక సీట్ల, మిషను గుడి వాగు అవతల. సగం దిగుడుల పెడల్ బిగుసుకపోయింది. జస్టిన్‌కు ఒక్కటే తోచింది, స్టీరింగు తిప్పి పగిడయ్య వాకిట్లకు తోలిండు. దడి విరిగింది. వాకిట్ల ఎండబోసిన ఇప్పపువ్వు కుప్పల బండి మూతిదాక దూరి ఆగింది. ఎవరికీ దెబ్బ తాకలే. పెండ్లికూతురు తెల్లచీరె మాత్రం పసుపుపచ్చ అయింది. ఆమెది మూడు తరాలుగ మందు ముట్టని ఇల్లు. పెండ్లి జరిగినంతసేపు గుడిల సారా బట్టి వాసనేనట.

ఇంత జరిగినంక ఒకడి మీద కోపం తెచ్చుకోవాలె. జస్టిన్ అక్సా మీద తెచ్చుకున్నడు. దగ్గరున్న మనిషి కదా.

మర్నాటికి షెడ్డుల రెండు జీపులు మాయమైనయ్. ఒకాయన తాళంచెవి అడిగి తీసుకున్నడు, మొహం చూడలే. ఇంకొకాయన సుట్టమొకడు మెకానిక్ ఉన్నడని అబద్ధమాడిండు.

"నాయినా, నేను తప్పు చేసిన్నా?" అన్నది అక్సా.

"లేదు బిడ్డా."

"నమ్ముతున్నవా?"

"నేను నమ్మితే ఏమైతది? నేను బిడ్డను నమ్మినట్టే అయితది. బండ్లు రావాలంటే వాళ్లు నమ్మాలె." క్రిస్టోఫర్ చేతులు ఒళ్లో పెట్టుకున్నడు. "ఈ పేరు పోతే నీకు మళ్లా ఎవడూ బ్రేకు పని ఇయ్యడు. పంచర్లు వెయ్యమంటరు."

అక్సా ఆ పూటే డబ్బా విప్పింది. లోపలి రబ్బరు వాచర్లు నానబెట్టిన శనగల్లెక్క ఉబ్బి ఉన్నయ్. ఒకటి చినిగి, నూనె గాలి అరలకు పారి, పెద్ద పొరను కూడ మెత్తగ చేసి చింపింది. ఆ నూనెనే ఇంజను పీల్చుకొని తెల్లపొగ కక్కింది. నకిలీ రబ్బరు అయితే పగుల్తది, అరుగుతది. గిట్ల ఉబ్బదు. ఉబ్బాలంటే వేరే నూనె తాగాలె.

వేలికి రాసుకొని వాసన చూసింది. బ్రేకు ఆయిల్ వాసన కాదు. ఎక్కడో చూసిన వాసన. ఎక్కడనో యాదికి రాలే.

జస్టిన్‌కు మిస్డ్ కాల్ ఇచ్చింది. అతను తిరిగి చేసిండు.

"ఏంది, ఒప్పుకుంటవా?"

"వచ్చి చూడు. గొడుగు తెచ్చుకో, రేకులు కారుతున్నయ్."

జస్టిన్ వచ్చిండు, గొడుగు లేకుండ. అకాల వాన. మిరపకాయలు బయట ఉన్నోళ్లంత మార్కెట్టు దిక్కు ఉరుకుతున్నరు. ఇతను షెడ్డు దిక్కు ఉరికొచ్చి కారుతున్న రేకు కిందనే నిలబడ్డడు. అక్సా చూసింది, చెప్పలే. కొద్దిసేపు తడవనీయ్ అనుకున్నది.

రెండు చాయ్ గ్లాసుల నిండ నీళ్లు పోసి పెట్టింది. మొదటి గ్లాసుల కొత్త బ్రేకు ఆయిల్ వేసింది. నీళ్లల్ల కలిసిపోయింది.

"అసలుది నీళ్లల్ల కలుస్తది. ఇది నీ బండిల తీసింది. చూడు."

రెండో గ్లాసుల వేసింది. కొంత కలిసింది, మిగిలింది మీదికి తేలి బిళ్లలు బిళ్లలుగ తిరిగింది.

"ఇది ఏ నూనె?" అన్నడు జస్టిన్.

"నువ్వు పోసిందే. ఇంజన్ ఆయిలా, వంట నూనెనా?"

"నేనా? మా తాత నాకు మొదట నేర్పిన పాఠమే అది. బ్రేకు ఆయిల్ పోసే గిన్నెల వేరే నూనె పొయ్యొద్దని."

"తాత మీద ఒట్టు?"

"ఒట్టు."

అక్సా అతని కండ్లల్లకు చూసింది. అబద్ధం కనపడలే. ఆ చూపు అవసరమైనదానికంటే కొంచెం ఎక్కువసేపు ఆగింది. ఇద్దరికీ తెలిసింది. ఇద్దరూ గ్లాసుల దిక్కు తిరిగిండ్రు.

"నేను తప్పు మాట్లాడిన," అన్నడు జస్టిన్. "పోయి స్టాండుల చెప్త. రబ్బరు నకిలీ కాదని."

"ఏమని చెప్తవ్? ఎవరో ఏదో పోసిండ్రనా? ఎవరు పోసిండ్రని అడుగుతరు. తెలవదంటవ్. పిల్ల మొహం చూసి మాట మార్చిండంటరు."

"మొహం చూసి మార్చేటంత ఏమున్నది?"

"గ్రీజు."

"అవ్. చెంప మీద కూడ ఉన్నది."

"నీ నెత్తి మీద నీళ్లు కారుతున్నయ్. పక్కకు జరుగు ఇంక."

ఆనాటి నుంచి జస్టిన్ రోజూ వచ్చిండు. బండి తనది కాబట్టి అన్నడు. అంత బండి ఉన్నోళ్లు ఎవరూ పానా పట్టుకొని నిలబడరు. క్రిస్టోఫర్ కుర్చీల కూసొని అన్నీ చూసిండు. పాత రబ్బరు పొర ఎక్కడా దొరకదు. అక్సా విజయవాడ బస్సెక్కి ఆటోనగర్‌ల ఒక చిన్న లారీ పొర వెతికి తెచ్చింది. దాన్ని అంచులు కోసి, ఈ డబ్బాకు సరిపోయేటట్టు కూర్చింది. పైపులన్నీ కడిగింది. బిగించింది.

"తొక్కు. గట్టిపడ్డదా? స్టార్టు చెయ్. దిగిందా?"

"దిగింది!" జస్టిన్ స్టీరింగు మీద చరిచిండు. "మరి నీ కోపం?"

"అది ఇంకా రాయి లెక్కనే ఉన్నది."

"ఇప్పుడు ఇంటికి తీసుకపోవచ్చా?"

"లే. ఎక్కడ పడలేదో అక్కడనే పడాలె. ఆ వాగు దిగుడుల ఆపి చూపెట్టాలె. లేకపోతే నా పని ఒప్పుకోను."

బయలెల్లేనాడు బండిల ముందే ఒక మనిషి కూసొని ఉన్నది. జస్టిన్ నాయనమ్మ జోజమ్మ. కుడి పక్క సీట్ల.

ఆ సీటు సంగతి చెప్పాలె. స్టీరింగు ఎడమ పక్క కాబట్టి, ముందు లారీ పోతుంటే డ్రైవర్‌కు ఎదురుబండి కనపడదు. కుడి పక్క కూసున్న మనిషి తల బయటపెట్టి చూసి "ఆగు" అనాలె, లేకపోతే "పో" అనాలె. ఆ రెండు మాటల మీదనే బండి నడుస్తది. విదేశీ ఫాదర్ తన దేశం పోతూ ఈ కారును డ్రైవర్‌గ ఉన్న జస్టిన్ తాతకు ఇచ్చిపోయిండు. తాత తోలిననాళ్లు జోజమ్మనే ఆ సీట్ల కూసున్నది. మనవడు తోలుతుంటే కూడ ఆమెనే. ఖమ్మం నుంచి అడివి దాక పెండ్లి బండిగ తిరిగినా, ఆ సీట్ల ఇంకెవరూ కూసోలే. పెండ్లికొడుకు తండ్రి అయినా వెనకనే.

అక్సా వెనక కూసున్నది. పాల్వంచ దాటేదాక జస్టిన్ చూపు మీది అద్దంల నుంచి కదలలే.

"అద్దంల ఏం కనపడుతున్నదిరా?" అన్నది జోజమ్మ. "రోడ్డు ముందలున్నది."

"వెనక బండ్లు చూస్తున్న నాయనమ్మా."

"వెనక బండ్లు లేవు. నేను చూసిన. ఆగు... ఆగు... ఇగ పో!"

లారీని దాటిండ్రు. అక్సా కిటికీ దిక్కు తిరిగి నవ్వింది. అద్దంల అది కూడ కనపడ్డది.

వాగు దిగుడుకు కొంచెం ముందే రేడియేటర్ కాగింది. జస్టిన్ నీళ్ల డబ్బా పట్టుకొని వాగుకు పోయిండు. దూరంగ పగిడయ్య మేకలను మలుపుకొని వస్తున్నడు. అక్సా కాళ్లు సాపుకుందామని దిగింది. అప్పటికే జోజమ్మ బానెట్ కింద ఉన్నది. సంచిలకెళ్లి చిన్న సీసా తీసింది. మూత తీసింది. బ్రేకు గిన్నె మూత కూడ తీసింది.

గాలికి వాసన వచ్చింది. అక్సాకు అప్పుడు యాదికొచ్చింది. తన చిన్నప్పుడు జ్వరమొస్తే ప్రార్థన చేసి నుదుటికి రాసిన నూనె వాసన. ఏ గుడిల దీవించినా వాసన అదే.

"అమ్మమ్మా!" గబాల్న చెయ్యి పట్టుకున్నది. "ఏం చేస్తున్నవ్?"

"దీవెన నూనె బిడ్డా. ఫాదర్ దీవించింది. ఈస్టర్ ముందటి తపస్సు కాలంల పెండ్లిళ్లు ఉండవు కదా, బండి ఊకెనే ఉంటది. ప్రతి శుక్రవారం శిలువమార్గం ప్రార్థన అయినంక ఇంత పోసిన. అన్ని దిగుళ్ల మీద తిరిగే పిల్లగాడు. భయం కాదా?"

"గీ గిన్నెలనే ఎందుకు పోసినవ్?"

"మనిషికైతే నుదురు ఉంటది. బండికి ఎక్కడ రాయాలె? నువ్వే చూపెట్టినవ్ గదనే. రబ్బరు వేసిననాడు గీ గిన్నె నింపుకుంట, 'అమ్మమ్మా, బండి ప్రాణమంతా గిక్కడనే ఉంటది' అన్నవ్."

అన్నది. అక్సాకు బాగ గుర్తున్నది. ముసలామె ఓపికగ చూస్తుంటే ముచ్చటపడి గొప్పకు చెప్పింది.

జోజమ్మ అక్సా మొహం చూసింది. చేతుల సీసా చూసింది. మెల్లగ సమజైంది.

"నేనేనా?" అన్నది. "ఆ పిల్లను... నేనేనా?"

ఇప్పుడు అక్సా చెయ్యాల్సింది సులువు. జస్టిన్ నీళ్ల డబ్బాతోటి వస్తున్నడు. ఒక్కమాట చెప్తే తన పేరు తెల్లగైతది. పోయిన జీపులు తిరిగొస్తయ్. దానికి ఈ ముసలామె పేరు ఇయ్యాలె. గుడిల మొదటి బెంచి మీద కూసునే మనిషి. భర్త పోయినంక ఆ సీటే ఆమె ఇల్లు.

"ఏమైంది?" అన్నడు జస్టిన్. "ఇద్దరు గట్ల నిలబడ్డరు?"

అక్సా గిన్నె మూత బిగించింది. బానెట్ దించింది.

"ఏం లేదు. ఎక్కు."

జోజమ్మ సీసాను కొంగుల దాచుకున్నది. సక్కగ పోయి తన సీట్ల కూసున్నది.

దిగుడు మొదలైంది. సన్నగ తుప్పర. మట్టి జారుతున్నది. గూడెంల మనుషులు బండి చప్పుడు గుర్తుపట్టి వాకిళ్లల్లకు వచ్చిండ్రు. పగిడయ్య మేకలను ముందుగాల్నే పక్కకు తోలుకున్నడు, ఒకసారి చూసిన మనిషి.

"నొక్కు," అన్నది అక్సా వెనకనుంచి.

జస్టిన్ నొక్కిండు. బండి వేగం తగ్గింది. ఇంకా నొక్కిండు. ఆ కొండంత బండి వాగు నీళ్లకు బారెడు ఎడంల, పగిడయ్య కొత్త దడి పక్కన, కుదుపు లేకుండ నిలబడ్డది.

"ఆగింది!" పగిడయ్య అరిచిండు. "ఏందయ్యా, ఈసారి మా ఇంటికి రావా?"

అందరూ నవ్విండ్రు. నవ్వనిది జోజమ్మ ఒక్కతే. తలుపు తెరుచుకొని దిగింది. కొంగులకెళ్లి సీసా తీసి అందరికీ కనపడేటట్టు పట్టుకున్నది.

"పగిడన్నా, ఆనాడు నీ దడి విరగ్గొట్టింది నా మనవడు కాదు. ఈ పిల్ల రబ్బరు కాదు. నేను. బ్రేకు గిన్నెల ఈ దీవెన నూనె పోసిన. మంచి జరగాలెనని పోసిన. చెడగొట్టిన."

జస్టిన్ స్టీరింగు వదిలి వెనక్కు తిరిగిండు.

"నీకు తెలుసా?"

"ఇందాకనే తెలిసింది."

"మరి చెప్పలే?"

"అది నేను చెప్పే మాట కాదు."

జోజమ్మ వెనక తలుపు తెరిచింది.

"దిగు బిడ్డా."

"ఎందుకమ్మమ్మా?"

"నువ్వు ముందుకు పో. నేను వెనక కూసుంట. మంచి చేస్తున్న అనుకొని గుంతల పడేసే కండ్లు నావి. ఆ సీట్ల ఎదురొచ్చేది కనపడే మనిషి ఉండాలె." మనవడి దిక్కు చూసింది. "ఇగ వీనికి అద్దం పని కూడ తప్పుతది."

ఆ సీటు ఇంతవరకు ఎవరికీ ఇయ్యలేదని అక్సాకు తెలుసు. జస్టిన్‌కు ఇంకా బాగ తెలుసు. అక్సా దిగి, సుట్టు తిరిగొచ్చి, కుడి పక్క కూసున్నది. సీటు వెచ్చగ ఉన్నది.

జోజమ్మ వెనక సీట్ల సర్దుకొని తలుపు వేసుకున్నది.

"అక్సా," అన్నడు జస్టిన్. "నువ్వంటే నాకు ఇష్టం. గ్రీజుతోటి సహా. నాయనమ్మ సీటే ఇచ్చేసింది, నేను ఇంక కొత్తగ ఇచ్చేదేం లేదు. ఏమంటవ్?"

"మీ గుడి వేరు, మా గుడి వేరు. మీది శిలువమార్గం, మాది శ్రమల దినాల కూటం."

"దీవెన నూనె వాసన రెండు గుళ్లల్ల ఒక్కటే అన్నవ్ కదా."

"వాసన సంగతి నేను పైకి అనలే."

"నాయనమ్మ సీసా తీసినప్పుడు మొహంల అన్నవ్."

వెనకనుంచి జోజమ్మ దగ్గింది. "కోపం దిగిందా లేదా అడుగురా ముందు."

"దిగిందా?"

అక్సా ఎదురుగ రోడ్డు చూసింది.

"కొంచెం దిగింది. మొత్తం దిగాలంటే పని ఉన్నది. ఇక్కడ గూడెంల వాళ్లు విన్నరు, సంతోషం. కని నువ్వు నా మీద అరిచింది ఇక్కడ కాదు. ఖానాపురం హవేలి ఆటో స్టాండుల. బండి ఖమ్మం తిప్పు. మధ్యల చాయ్‌కు ఆపకు. స్టాండు నడిమిట్ల ఆపు, అందరి ముందల దిగు. ఆనాడు ఎంత గొంతుతోటి అరిచినవో అంతే గొంతుతోటి చెప్పు. రబ్బరు అసలుది, పని అసలుది, మెకానిక్ అక్సా అని. అమ్మమ్మ పేరు తియ్యకు, నువ్వు చూసుకోక పోయినవని చెప్పు. బండి నీది. జీపులు తీసుకపోయినోళ్ల ఇండ్ల ముందల కూడ చెప్పు. అయినంక షెడ్డుల కుర్చీ కాడికి రా. మా నాయిన చేతులు పట్టుకో, అవి వణుకుతయ్, వదలకు. వదలకుండ అడుగు. నన్ను కాదు, ముందు ఆయన్ను."

"ఇవ్వాళనా?"

"ఇవ్వాళనే."

జస్టిన్ గేరు వేసి, బండి తిప్పి ఎత్తు ఎక్కించిండు. ముందల గడ్డిమోపుల ట్రాక్టర్ ఒకటి ఎదురుబండ్లు కనపడకుండ మెల్లగ ఎక్కుతున్నది. అక్సా తల బయటపెట్టింది. వాన మొహం మీద పడ్డది. మలుపు దాక చూసింది.

"ఖాళీగున్నది," అన్నది. "పో."